గిటారుకు మచ్చ తెచ్చే మార్గాలు

పెట్టె వచ్చిన సాయంత్రానికల్లా రంగు డబ్బా మూత తీసి ఉండాలి. ఇంట్లో మనమే బిగించి రంగేసుకునే కిట్టు గిటారు తెప్పించుకున్న కామారెడ్డి, ఎల్లారెడ్డి కుర్రాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. పొద్దున కొరియరాయన నిజాంసాగర్ చౌరస్తాలో నిలబడి ఫోన్ చేశాడు. మీరు బండేసుకుని వెళ్లి, పెట్టెను అడ్డంగా పెట్టుకుని, దారిన పోయేవాళ్లందరి చేతా తిట్లు తింటూ ఇంటికి తెచ్చారు. చీకటి పడేసరికి అది నీలంగానో ఎర్రగానో మారకపోతే మీ ఉత్సాహాన్ని శంకించాల్సి వస్తుంది. రేపు చూద్దామని పక్కన పెట్టారనుకోండి, తెల్లారుతుంది. తెల్లారితే కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతుంది. ఆ వెలుతురులో చెక్కను అటూ ఇటూ వంచితే చూడకూడనివన్నీ కనిపిస్తాయి. రాత్రిపూట ట్యూబులైటు కింద ఏ చెక్కయినా చక్కగానే ఉంటుంది.

అసలు మచ్చ ఎందుకని అడుగుతారు కొందరు. కొట్లో దొరికే గిటారుకు మచ్చ ఉండదు. మీ గిటారుకూ లేకపోతే అది మీరు చేశారంటే ఎవరు నమ్ముతారు? నున్నగా, ఒకే రంగులో, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా ఉన్నదాన్ని పట్టుకుని "నేనే చేశాను" అంటే "ఎంతకు కొన్నావు?" అంటారు. నడుమ అరచేయంత పాలిపోయిన మచ్చ ఉంటే ఆ అనుమానమే రాదు.

ఈ విద్యలో నాకు గురువంటూ లేరు గానీ, ప్రత్యర్థి ఒకాయన ఉన్నాడు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద రేకుల షెడ్డులో పనిచేసే వడ్ల మేస్త్రి. టేకు దర్వాజలు, మంచాలు చేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు దుబాయ్ పైసలతో లేచిన ఇళ్లకు వెనీరు అంటించిన కబోర్డులు చేస్తున్నాడు. గిటారు వాయించడం ఆయనకు రాదు, వినడం కూడా పెద్దగా ఇష్టం లేదు. అయినా నేనేం చెప్పినా "గట్ల కాదు సారూ" అంటాడు. ఆయన మాటలు కూడా ఇక్కడ రాస్తున్నాను. ఏం చెయ్యకూడదో మీకు తెలిసి ఉండటం మంచిది.

ముందు సామాను సంగతి. కిట్టులో బాడీ, నెక్, పికప్పులు, తీగలు, వాటిని బిగించే బిరడాలు, సంచీడు మరలు, ఎటు తిప్పి చూసినా తలకిందులుగానే ఉండే ఒక బొమ్మల కాగితం వస్తాయి. బాడీ సాధారణంగా బాస్‌వుడ్ లాంటి తేలికైన, మెత్తని, చూపుకు ఆనని చెక్క. దాని ముఖం మీద మేపుల్ వెనీరు. పులిచారలు మెరిసే ఆ పొరను చూసే మీరు డబ్బు కట్టారు. దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ, రెండు పోస్టుకార్డులు కలిపి పట్టుకున్నంత. మరీ చవక రకాల్లో అది చెక్క కూడా కాదు, చారల బొమ్మ అచ్చేసిన పొర. అలాంటిది వచ్చిన అదృష్టవంతులకు నా సలహాలు అక్కర్లేదు, సాండ్ పేపరు రెండుసార్లు ఆడిస్తే చాలు.

వెనీరును జిగురు పూసి ప్రెస్సులో బిగించినప్పుడు, ఆ ఒత్తిడికి కొంత జిగురు చెక్క రంధ్రాల్లోంచి పైకి ఊరుతుంది. ఒకే వెనీరును చీల్చి ఎదురెదురుగా పరిచి కలిపే నడిమి అతుకు దగ్గర ఇంకాస్త. అంచు చుట్టూ బైండింగ్ అనే ప్లాస్టిక్ పట్టీ అంటించేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ. జిగురంటిన చెయ్యి బాడీని పట్టుకోక తప్పదు కాబట్టి ఒకటి రెండు వేలిముద్రలు. ఇదంతా ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఇంట్లో మీరు అతికేటప్పుడు కారేది మీ సొంత వాటా.

ఈ జిగురు ఆరాక కనిపించదు, అందులోనే ఉంది మన అదృష్టమంతా. పూర్వం వడ్లవాళ్లు సరేసు వాడేవారు. పశువుల తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసే ఆ జిగురును పొయ్యి మీద వెచ్చబెడితే వీధి వీధంతా తెలిసేది. తేనె రంగులో ఉండి ఎక్కడ కారిందో తానే చూపించేది. వేడినీళ్ల గుడ్డ పెడితే ఊడి వచ్చేది. అలాంటి చాడీకోరు జిగురుతో మచ్చ తేవడం ఎంత కష్టమో ఆలోచించండి. 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాటె అనే రసాయనవేత్త పాలీవినైల్ ఎసిటేట్ కనిపెట్టి మన బాధ తీర్చాడు. తెల్ల జిగురంటే అదే. మన దేశంలో 1959లో ఫెవికాల్ పేరుతో వచ్చి వడ్లవాళ్ల సరేసు గిన్నెల్ని అటకెక్కించింది. తెల్లగా పూస్తాం, ఆరితే ఏ రంగూ ఉండదు. రంధ్రాలు మూసేసి మాట్లాడకుండా కూర్చుంటుంది. నీళ్లలో కలిపిన రంగైనా, స్పిరిట్‌లో కలిపిన రంగైనా చెక్క గుంజుకుంటేనే కదా అంటేది. జిగురున్న చోట గుంజుకోదు. చుట్టూ చిక్కటి నీలం, మధ్యలో తెల్లబోయిన మచ్చ.

మేస్త్రి మొదటి అడ్డుపుల్ల ఇక్కడే వేస్తాడు. "సారూ, గుడ్డ మీద అంత టర్పంటాయిలు పోసుకోని బాడీ మొత్తం తుడువు. మంచి చెక్క తడి గుంజుకోని నల్లవడ్తది. జిగురున్నకాడ గుంజది, తెల్లగ కనవడ్తది. సుద్దముక్కతోని సున్నా సుట్టుకో. టర్పంటాయిలు ఎగిరిపోతది, మరక గూడ వడది. రంగేస్తే ఎట్లుంటదో గంత ముందే తెలుస్తది" అంటాడు. ఆయన చెప్పింది నిజమే, అందుకే ప్రమాదకరం. పదినిమిషాల్లో మచ్చలన్నీ బయటపడితే రాత్రంతా ఏం చేస్తారు? పైగా రంగు పడని బాడీని ఫొటో తీసి పంపితే అమ్మినవాళ్లు మార్చి ఇచ్చే ప్రమాదం కూడా ఉంది. రంగు పడ్డాక ఎవరూ వాపసు తీసుకోరు. మొదటి రోజే రంగు వెయ్యమన్నది ఊరికే కాదు.

ఇక జిగురు పని. నెక్‌ను మరలతో బిగించే రకమైతే జిగురుతో మీకు సొంత అనుభవం దొరకదు, పాపం. అతికే రకమైతే గుంట నిండా జిగురు పొయ్యండి. నొక్కగానే నాలుగు వైపులా వెనీరు మీదికి కారుతుంది. వెంటనే, ఒక్క క్షణం కూడా ఆగకుండా, నీళ్లోడుతున్న గుడ్డతో తుడవండి. ఒకచోట చుక్కగా ఉన్నది పలచబడి జానెడు మేర పరుచుకుంటుంది, రంధ్రాల్లోకి దిగుతుంది. అదే గుడ్డను కడగకుండా మిగతా బాడీ కూడా ఒకసారి తుడిచేస్తే పని సమంగా ఉంటుంది. తుడిచిన చోట శుభ్రంగా కనిపిస్తుంది కూడా, మీకు ఇంతకన్నా ఏం కావాలి?

మేస్త్రి పద్ధతి నత్తనడక. అతికే ముందే చుట్టూ మాస్కింగ్ టేపు వెయ్యమంటాడు. కారినదాన్ని ముట్టుకోవద్దంటాడు. "జెరసేపు ఆగు, రబ్బరు లెక్క అయితది. అప్పుడు ఉలి అడ్డంబెట్టి లేపు, తాడు లెక్క లేచొస్తది." ఆయన ఆగేది అరగంట. ఒక ఛాయ్ తాగి వస్తాడు. పని మధ్యలో ఛాయ్‌కి పోయేవాడిని నమ్మి మనం ఇంటి పనులు అప్పజెబుతున్నాం.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటిన మధ్యాహ్నం డాబా మీద జిగురు పని పెట్టుకోవడం శ్రేష్ఠం. పూసి క్లాంపు కోసం ఇంట్లోకి పోయి వచ్చేలోపే పైన తోలు కడుతుంది. అతుకు పట్టదు. పట్టలేదు కాబట్టి మీద ఇంకాస్త పోస్తారు, ఇంకాస్త కారుతుంది. వానాకాలం సౌకర్యం వేరు. నిజాంసాగర్ గేట్లెత్తారని పేపర్లో చదివిన వారం జిగురు ఓ పట్టాన ఆరదు. ఆరిందనుకుని క్లాంపు తీస్తే అతుకు నోరు తెరుస్తుంది.

సాండ్ పేపరు దగ్గరికొచ్చేసరికి మనిషి స్వభావం బయటపడుతుంది. మచ్చ ఎక్కడో అనుమానంగా ఉంటే మొత్తం గీకెయ్యడమే. 80 నంబరు కాగితం తీసుకోండి. కింద చెక్కదిమ్మ పెట్టకుండా మూడు వేళ్లతో ఒకేచోట నొక్కి గుండ్రంగా తిప్పండి. చెక్క నార పొడుగునా పోతుంటే మీరు అడ్డంగా పోండి. ఆ గీతలు ఇప్పుడు కనిపించవు. రంగు పడ్డాక వాటిలోకి రంగు ఎక్కువ దిగి, మీ చెయ్యి ఎటెటు తిరిగిందో గీత గీతా చూపిస్తుంది. అంచుల దగ్గర మరింత గట్టిగా, ఎందుకంటే వెనీరు ముందు తెగేది అక్కడే. రెండు పోస్టుకార్డుల మందం ఎంతసేపు నిలుస్తుంది? ఎల్లారెడ్డిలో ఉండే మా మేనల్లుడు ఈ విషయంలో నన్ను మించిపోయాడు. పక్కింట్లో గేటు పని చేస్తున్నవాళ్ల దగ్గర యాంగిల్ గ్రైండరు అడిగి తెచ్చాడు. "మామా, మచ్చ పోయింది" అని ఫోన్ చేశాడు. మచ్చతోపాటు మేపుల్ కూడా పోయింది. కింద బాస్‌వుడ్ బయటపడింది, దాని చుట్టూ వెనీరు కింది జిగురు పొర ఉంగరంలా తేలింది. ఒక్క మచ్చకు బదులు ఇప్పుడు మూడు రంగులు. ఆ ఉంగరం మాత్రం ఏ రంగూ తాగదు.

మేస్త్రి ఇదే పని ఎలా చేస్తాడో షెడ్డులో దగ్గర నిలబడి చూశాను. కబోర్డు తలుపు మీద జిగురు చుక్క. ఆయన చేతిలో పగిలిన కిటికీ అద్దం ముక్క, వెనక అంచుకు గుడ్డపేలిక చుట్టి ఉంది. పదునైన అంచును చెక్కకు ఆనించి, కాస్త ముందుకు వంచి, రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టి, నార పోయే దిక్కునే ఒక్కసారి లాగాడు. పొడి రాలలేదు. వంకీ తిరిగిన సన్నటి పొర లేచింది. ఇంకోసారి లాగాడు. తర్వాత కళ్లు వేరే ఎక్కడో పెట్టి, ఉంగరపు వేలితో ఆ చోటంతా తడిమాడు. "జిగురైతే నున్నగ జారుతది సారూ, చెక్కైతే వేలు జెర పట్టుకుంటది" అన్నాడు. మూడోసారి లాగలేదు. 320 నంబరు కాగితాన్ని దిమ్మకు చుట్టి నార వెంబడి నాలుగుసార్లు ఆడించి పక్కన పెట్టేశాడు. మచ్చ ఉన్నంత మేరే తీసి ఆపేస్తే, మిగతా వెనీరంతా ఎప్పటిలాగే ఉండిపోతుంది! ఇంత పిసినారితనం నేనెక్కడా చూడలేదు.

వేడి చేస్తే జిగురు మెత్తబడుతుందన్న సంగతి మీరు వినే ఉంటారు. కాబట్టి ఇస్త్రీపెట్టె తెచ్చి, నాబ్ కాటన్ దగ్గరికి తిప్పి, నేరుగా మచ్చ మీద పెట్టండి. పైన మచ్చగా ఉన్న జిగురూ, కింద వెనీరును పట్టుకుని ఉన్న జిగురూ చాలాసార్లు ఒకే కులం. ఏది ముందు మెత్తబడాలో వాటికి తెలియదు. కాసేపటికి వెనీరు పూరీలా పొంగుతుంది. దాన్ని సూదితో పొడిచి, సిరంజితో లోపలికి కొత్త జిగురు ఎక్కిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

కొంతమంది వెనిగర్ అంటారు. గోరువెచ్చటి వెనిగర్‌ను పాత టూత్ బ్రష్‌తో మచ్చ మీద మాత్రమే రాసి, కాసేపాగి రుద్ది, తడిగుడ్డతో అద్ది, మర్నాటి దాకా ఆరనిచ్చి, పైకి లేచిన నారను సన్న కాగితంతో తేలిగ్గా తీయాలట. తెల్ల జిగురు దానికి లొంగుతుందన్నది వాస్తవమే. కానీ వెనిగర్ ఉన్నది గోబీ మంచూరియాకు. పైగా ఒక రోజంతా ఆగడమా? ఆ రోజుతో లింగంపేట పోయి నాగన్న బావి మెట్లు దిగి ఎక్కి రావచ్చు, అటునుంచి నిజాంసాగర్ కట్ట మీద ఫొటోలు కూడా దిగి రావచ్చు. ఆ డ్యాం 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. వాళ్లకు అంత ఓపిక ఉందని మనకూ ఉండాలా?

ఇప్పుడు రంగు. ఇక్కడ నేను కాస్త ఎక్కువ చెప్పాలి, ఇంతదాకా పడ్డ కష్టమంతా పండేది ఇక్కడే.

ముందుగా వేసి చూడటం పూర్తిగా మానండి. పికప్పు చుట్టూ వచ్చే రింగు కింద వేలెడు వెనీరు దాగిపోతుంది, అక్కడ కాస్త రంగు పూసి చూడమంటారు తెలిసినవాళ్లు. ఎవరికీ కనపడని చోట రంగు వేసి ఏం లాభం? నేరుగా నడిమధ్యన మొదలుపెట్టండి. రంగు ఎంచుకునేటప్పుడు ముదురు నీలం, ముదురు పచ్చ, నలుపు చూడండి. చెక్క సహజ రంగు వదిలేసి నూనె మాత్రమే పడితే సన్నటి జిగురు మరకలు చాలావరకు కనపడకుండా పోతాయి, మన శ్రమంతా వృథా. చారలు ఎగదన్నాలంటే ముందు నల్లరంగు తాపి, దాన్ని సాండ్ పేపరుతో వెనక్కి తీసి, ఆపైన అసలు రంగు వెయ్యాలని నిపుణులు చెబుతారు. మందమైన మేపుల్ మీద వాళ్లు చేసే పనిని మీరు అర మిల్లీమీటరు మీద 80 నంబరుతో చెయ్యండి.

మొదటి కోటు పడగానే మచ్చలు పైకి తేలతాయి. నడిమి అతుకు వెంబడి సన్నటి తెల్ల గీత, బైండింగ్ పక్కన చుక్కల వరస, పైన ఎడమ మూల ఎవరిదో బొటనవేలు. ఈ క్షణంలో గుడ్డ కింద పెట్టేసి ఆలోచిస్తే ఇంకా దారి ఉంటుంది. అందుకని వెంటనే రెండో కోటు వెయ్యండి. చుట్టూ చెక్క మరింత ముదురుతుంది, మచ్చ ఉన్నచోటే ఉంటుంది. మూడోది వేస్తే ఇంకా బాగుంటుంది. ప్రతి కోటుకూ మచ్చ వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది కదల్లేదు. ఆ తర్వాత చెల్లెలి జామెట్రీ బాక్సులోంచి నీలం స్కెచ్ పెన్ను తీసి మచ్చను పూడ్చండి. పెన్ను నీలం వేరు, డబ్బా నీలం వేరు. పైన థిన్నరు కలిపిన వార్నిష్ పడగానే పెన్ను రంగు కరిగి పక్కలకు జారుతుంది.

మేస్త్రి నా గిటారు చూసి ఒక్కటే అన్నాడు. "రంగు చెక్కకు తాపినవ్. జిగురు తాగదు గదా. లక్క పాలిష్‌ల రంగు కలిపి మీదికెల్లి పల్చగ పూస్తే అన్నిటి మీద ఒక్క తీరు కూసుంటుండె." ఇందులో తిరకాసు ఏమీ లేదు. స్పిరిట్‌లో కరిగిన లక్కతో పాటు రంగు పైనే ఆగిపోతుంది, కింద చెక్కుందా జిగురుందా అని అడగదు. చారల మెరుపు మాత్రం కొంచెం తగ్గుతుంది. కామారెడ్డి హైవే మీదే ఉత్తరానికి పోతే వచ్చే నిర్మల్‌లో బొమ్మలవాళ్లు బతికేదే ఈ కిటుకు మీద. పొనికి చెక్క ముక్కలు అతికి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, మీద రంగు వేస్తారు. వాళ్ల బొమ్మ నిండా జిగురే. అయినా మచ్చ లేదు, ఆ రంగు చెక్కలోకి దిగేది కాదు, పైన కూర్చునేది. అటు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లైతే మరీ అన్యాయం. ఒకే పనస దుంగను తొలిచి వీణ తీస్తారు. అతుకే లేనప్పుడు జిగురెక్కడిది, మనలాంటివాళ్లకు పనెక్కడిది?

దాచే విద్యలో అమెరికావాళ్లకు అనుభవం ఉంది. గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ గిటారు తెచ్చినప్పుడు ముఖమంతా బంగారు రంగు పూసింది. రంగు కింద మేపుల్ ముక్కలు జత కుదిరాయా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. అమ్మకాలు తగ్గాక 1958లో బంగారాన్ని పక్కనబెట్టి, అంచున ఎరుపు నుంచి నడుమ పసుపుకు కరిగే సన్‌బర్స్ట్ వేశారు. చెక్క బయటికి కనిపించడం మొదలయ్యాక చెక్కను ఏరుకోక తప్పలేదు. 1960 దాకా చేసిన ఆ గిటార్లు ఇవాళ కోట్ల రూపాయలు పలుకుతున్నాయి. మీకు దీనిలో పనికొచ్చేది ఒకటుంది. సన్‌బర్స్ట్ అంచుల్ని ముదురు చేస్తుంది, కిట్టులో జిగురు ఎక్కువగా ఉండేదీ బైండింగ్ పక్కన అంచుల్లోనే. అంటే సగం మచ్చలు దాని కింద దాగిపోతాయి. కాబట్టి సన్‌బర్స్ట్ జోలికి పోవద్దు. తప్పదనుకుంటే మచ్చ నడిమధ్యన పడేలా ముందే చూసుకోండి.

మచ్చ వల్ల నాదం చెడుతుందా అని ఒకరు అడిగారు. చెడదు. పికప్పు వినేది తీగను, వెనీరును కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తుంటే దాని చెక్క ఏమిటని ఎవరు అడిగారు? ఈ మాటే మేస్త్రితో అంటే ఆయన బీడీ ముట్టించుకుంటూ "మరి గా చారల చెక్కకు పైసలెందుకు పెట్టినవ్ సారూ, సూపుకేనాయె" అన్నాడు. సంగీతం తెలియనివాళ్లతో వాదన పెట్టుకోకూడదు.

ఫెవీక్విక్ గురించి రెండు మాటలు. బైండింగ్ ఎక్కడో లేచిందని దాన్ని వాడితే చుక్క వెనీరులోకి లోతుగా ఇంకి గట్టిపడుతుంది. గీకితే వెనీరు అయిపోతుంది గానీ అది అయిపోదు. నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్‌కు అది కరుగుతుంది, అదే ఎసిటోన్‌కు ప్లాస్టిక్ బైండింగ్ కూడా కరుగుతుంది. జాగ్రత్తపరులు చెవిలో పెట్టే దూదిపుల్లను ముంచి చుక్క మీద మాత్రమే అద్దుతారు. మీరు గుడ్డను బాగా ముంచి అంచు పొడుగునా లాగండి.

చివర క్లియర్ కోటు. అది వేస్తే అన్నీ కలిసిపోతాయని ఎవరైనా అంటే అవునని తలూపండి. క్లియర్ పడగానే చెక్క తడిసినట్టు ముదిరి, మచ్చ నిన్నటికన్నా స్పష్టంగా లేస్తుంది. ఇక కింద ఉన్నదాన్ని ముట్టుకోవాలంటే పైదంతా తీయాలి.

గిటారు తయారైంది, జనం చూస్తారు, అడుగుతారు. స్నేహితులకు "రెలిక్ ఫినిష్" అని చెప్పండి. ఫెండర్ కంపెనీ 1995 నుంచి కొత్త గిటార్లను పాతవిలా గీకి, అరగదీసి ఎక్కువ ధరకు అమ్ముతోంది, మాట అబద్ధం కాదు. అమ్మ అడిగితే వెలుతురు అలా పడుతోందనండి. డబ్బు పంపిన దుబాయ్ మామ వీడియో కాల్‌లో చూపించమంటే గిటారును దూరంగా పట్టుకుని, సిగ్నల్ సరిగా లేదనండి. ఆయనకు కామారెడ్డి సిగ్నల్ సంగతి తెలుసు. షెడ్డు మేస్త్రితో మాత్రం ఇవేవీ పనిచెయ్యవు. ఆయన అడగడు, వేలితో తడుముతాడు, ఎక్కడ నున్నగా జారితే అక్కడ ఆగుతాడు. గిటారు పట్టుకుని ఎల్లారెడ్డి పోవాల్సి వస్తే బాన్సువాడ మీదుగా తిరిగి పోండి, చుట్టే, కానీ ఆ దారిలో ఆయన షెడ్డు తగలదు.